నలభై నాలుగు మిల్లీమీటర్ల కండె

పిస్తోలు పోగొట్టుకున్న పోలీసును దేవుడు కూడా కాపాడలేడు. ఈ మాట ఏ మాన్యువల్లోనూ ఉండదు గానీ, జిల్లా సాయుధ రిజర్వులో చేరిన ప్రతి కానిస్టేబులుకూ బూట్లతో పాటు దీన్ని కూడా ఇచ్చేస్తారు. పక్క జిల్లాలో ఒకాయన బస్సులో చిన్న కునుకు తీశాడు. లేచేసరికి నడుముకు ఒర ఉంది, ఒరలో పిస్తోలు లేదు. ఆయన ఇప్పుడు ఆ బస్టాండు ముందరే చెరకురసం తీస్తున్నాడు. రసం బాగానే ఉంటుందట, కానీ పోలీసులెవరూ ఆ బండి దగ్గర ఆగరు, ఆయన్ని చూస్తేనే వాళ్ళకు గుండె గుబేలుమంటుంది.

అందుకని ఈ జిల్లాలో ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున డ్యూటీకి వచ్చిన కానిస్టేబులు ఆర్మరీ కిటికీ ముందు నిలబడి పిస్తోలు తీసుకున్నట్టు సంతకం పెడతాడు. కిటికీ అవతల ఆయుధాలు చూసుకునే ఏఎస్సై ఓబులేసు పిస్తోలు తీసి బయట పెడతాడు. కానిస్టేబులు దాన్ని కళ్ళకద్దుకుని మళ్ళీ లోపలికి తోసేస్తాడు. ఓబులేసు బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. సాయంత్రం తిరిగి ఇచ్చినట్టు ఇంకో సంతకం. ఇరవై ఏళ్ళుగా ఆ జిల్లాలో ఒక్క పిస్తోలు పోలేదు, ఆయుధాల భద్రతలో రాష్ట్రంలోకెల్లా మొదటి బహుమతి ఎప్పుడూ వాళ్ళదే. ఇక ఒర ఒట్టిగా వేలాడితే చూసేవాళ్ళకు బాగుండదు గనక ఎవరికి తోచింది వాళ్ళు అందులో కూరుకునేవారు. ఒకరు పాత పేపరు, ఒకరు తువ్వాలు, భక్తి గల హెడ్డు ఒకాయన చుట్ట చుట్టిన దేవుడి పటం.

కానిస్టేబులు వన్నూరప్ప పెట్టుకునేది మొక్కజొన్న కండె. ఆయన భార్య సుంకులమ్మ కోళ్ళ కోసమని పోలీసు క్వార్టర్సు మిద్దె మీద కండెలు ఎండబెట్టేది. వాటిలో ఒకటి ఒరలో దూర్చి బొత్తాం పెడితే కొలిచి చేసినట్టు అమిరింది. బరువు లేదు, గుచ్చుకోదు, పోతే మిద్దె మీద ఇంకో రెండు వందలున్నాయి. ఆ కండెతో వన్నూరప్ప నాలుగేళ్ళు నిశ్చింతగా ఉద్యోగం చేశాడు.

ఆయన డ్యూటీ ఎస్కార్టు. సబ్ జైల్లో ఉన్న ఖైదీలను వాయిదా రోజున కోర్టుకు తీసుకుపోయి మళ్ళీ జైల్లో అప్పజెప్పాలి. ఆ ఏడాది ఆయన వంతుకు వచ్చినవాడు కంబగిరి. చేలల్లో బోరు మోటార్లు ఎత్తుకుపోవడం అతని వృత్తి. వాయిదాలు పడుతూ పడుతూ పదకొండోసారికి ఇద్దరూ బస్సులో పక్కపక్కన కూర్చుని పల్లీలు తినే దాకా వచ్చారు. సంకెళ్ళు వేయాలంటే కోర్టు అనుమతి కావాలి, అనుమతి అడగాలంటే కాయితం రాయాలి, అందుకని వన్నూరప్ప వేసేవాడు కాదు.

పదకొండో వాయిదా రోజున జడ్జిగారు సెలవు. కేసు మళ్ళీ నెలకు పడింది. ఆ మాట వినగానే కంబగిరికి ఏమనిపించిందో ఏమో, కోర్టు ఆవరణలో లగెత్తాడు. వన్నూరప్ప ఎత్తు అయిదున్నర అడుగులు, బొజ్జ దానికి తగ్గట్టు ఉంటుంది. నాలుగడుగులు పరుగెత్తి ఆయాసంతో నిలబడిపోయాడు. ఖైదీ తప్పించుకుంటే ఎస్కార్టు కానిస్టేబులు ఉద్యోగం ఊడినట్టే. కళ్ళ ముందు క్వార్టరు కనబడింది, టెన్త్ చదువుతున్న పిల్ల కనబడింది, సుంకులమ్మ మరీ పెద్దగా కనబడింది. చెయ్యి ఒర మీదికి పోయింది. గొంతు చించుకుని ఏదో అరిచాడు, ఏమి అరిచాడో ఆయనకే తెలియదు.

అప్పటికే ఒక కాలు ప్రహరీ గోడ మీద వేసిన కంబగిరి వెనక్కి తిరిగి చూశాడు. కాలు దించి, నడుచుకుంటూ వచ్చి వన్నూరప్ప పక్కన నిలబడ్డాడు.

కోర్టు కోర్టంతా చప్పట్లు కొట్టింది. రిజర్వు ఇన్‌స్పెక్టరు దశరథరామయ్య జీపులో వచ్చి వన్నూరప్పను కావలించుకుని, విలేఖరుల ముందు నిలబెట్టి, ఏ ఆయుధంతో ఆపావో తీసి పట్టుకో, ఫోటో దిగుదాం అన్నాడు. వన్నూరప్ప నీళ్ళు నమిలాడు. సిగ్గుపడుతున్నాడనుకుని ఇన్‌స్పెక్టరే స్వయంగా ఒర బొత్తాం విప్పి లోపల చెయ్యి పెట్టి బయటికి తీశాడు. తీశాక చూసుకున్నాడు. అప్పటికే ఫోటో పడిపోయింది.

సాయంత్రానికల్లా చార్జి మెమో వచ్చింది. నేరాలు రెండు. ఉండవలసిన ఆయుధము ఒరలో లేకుండుట ఒకటి, ప్రభుత్వ ఒరలో ఆహార పదార్థము ఉండుట రెండు. ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించరాదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు. సుంకులమ్మ ఆ కాయితాన్ని రెండుసార్లు చదివించుకుని తలకొట్టుకుంది.

“ఏమయ్యా, కండె బదులు ఒక గుండ్రాయి పెట్టుకోనుంటే ఏమైతాండె? రాయైతే ఆయుధమేనని వాదించుకోవచ్చు గదా. పోయి పోయి కోళ్ళ మేత పెట్టుకుంటివి.”

వన్నూరప్ప మూడు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

నాలుగో రోజున రాజధాని నుంచి సంఘం దిగింది. దాని పేరు హస్తాయుధ నిలువరింపు సామర్థ్య తులనాత్మక అధ్యయన సంఘం. రాష్ట్రంలోని పోలీసులందరికీ కొత్త పిస్తోళ్ళు కొనాలని ప్రభుత్వం తలపెట్టింది. ఏ కాలిబర్‌వి కొనాలన్నది తేలలేదు. కాలిబర్ అంటే మరేం లేదు, గుండు ఎంత లావన్నది. చిన్న గుండు వేగంగా పోయి మనిషిని ఆపుతుందా, పెద్ద గుండు నింపాదిగా పోయి ఆపుతుందా అన్నది తగువు. సంఘానికి అధ్యక్షులు అదనపు డీజీ చక్రపాణి గారు. ఆయన పెద్ద గుండు పక్షం, పాయింట్ నలభై అయిదు తప్ప మిగతావన్నీ ఆటబొమ్మలని ఆయన మతం. ఆయనతో పాటు ఉద్యోగంలో చేరిన ఇంకొక ఉన్నతాధికారి తొమ్మిది మిల్లీమీటర్ల పక్షం. పన్నెండేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య ఫైళ్ళ మీద రాతలే తప్ప మాటల్లేవు.

చక్రపాణి గారు మొదటి రోజే అందర్నీ కూర్చోబెట్టి నిర్వచనం వినిపించారు. “నిలువరింపు సామర్థ్యమనగా, పలాయనమందున్న వ్యక్తి ఆయుధ ప్రభావమునకు లోనై పలాయనము మానుట. మరణము ఇందు ఆవశ్యకము కాదు. మానుట ముఖ్యము.” అందరూ రాసుకున్నారు.

తర్వాత ఫైరింగ్ రేంజిలో పరీక్ష పెట్టారు. మనుషుల మీద కాల్చడం బాగుండదని కర్బూజాలు తెప్పించి వరసగా పెట్టారు. ముప్పై గుళ్ళు పేల్చారు. పేల్చిన ప్రతి గుండుకూ ఖాళీ తూటా గొట్టం ఏరి ఆర్మరీకి తిరిగి ఇవ్వాలి, అది డిపార్టుమెంటులో రాజ్యాంగం కన్నా గట్టి నియమం. ఏరితే ఇరవై తొమ్మిదే దొరికాయి. ఆ ముప్పయ్యోదాని కోసం నూట యాభై మంది రెండు రోజులు రేంజి అంతా మోకాళ్ళ మీద పాకారు. చక్రపాణి గారు కూడా జల్లెడ తెప్పించుకుని ఇసుక జల్లించారు. చివరికి ఓబులేసు బూటు అడుగున అతుక్కుని దొరికింది. అందరూ ఊపిరి పీల్చుకుని కర్బూజాల వైపు చూస్తే ఒక్కటీ లేదు. ఎండలో పాకినవాళ్ళు తినేశారు. ఏ గుండుకు ఎంత చిల్లు పడిందో చెప్పగలిగిన సాక్ష్యం నూట యాభై కడుపుల్లోకి పోయింది.

ఇక మిగిలింది పాత రికార్డులు. పాతికేళ్ళ ఫైళ్ళు దుమ్ము దులిపి తీశారు. పాయింట్ ముప్పై ఎనిమిది రివాల్వరు ఆరుసార్లు పేలింది. రెండు గుళ్ళు కల్వర్టుకు తగిలాయి, రెండు ఆకాశంలోకి పోయాయి. ఒకటి ట్రాన్స్‌ఫార్మరుకు తగిలి మూడూళ్ళకు కరెంటు ఆగింది గానీ మనిషి ఆగలేదు. ఇంకొకటి పేల్చినాయన బూటులోకే పోయింది. ఆయన మటుకు ఆగాడు, కానీ ఆయన పలాయనమందున్న వ్యక్తి కాదు, తరుముతున్న వ్యక్తి, కాబట్టి నిర్వచనానికి అందలేదు. తొమ్మిది మిల్లీమీటర్లది ఒక్కసారే పేలింది, అది కూడా ఓబులేసు తుడుస్తుండగా. చక్రపాణి గారి పాయింట్ నలభై అయిదు జిల్లాలో ఒకే ఒకటుంది. దొరలు వదిలిపోయింది. దానికి గుళ్ళు లేవు.

చక్రపాణి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. పాతికేళ్ళలో ఈ జిల్లాలో ఏ కాలిబరూ ఏ ఒక్క మనిషినీ ఆపలేదన్నమాట అన్నారు, పెళ్ళి తప్పిపోయిన మనిషి గొంతుతో. ఆయన బాధ చూడలేక ఓబులేసు దగ్గి, పోయిన వారం ఒకడు ఆగినాడు సార్ అన్నాడు. అక్కడే ఉన్న దశరథరామయ్య అతని కాలు తొక్కాడు గానీ ఆలస్యమైపోయింది.

అరగంటలో వన్నూరప్ప సంఘం ముందు నిలబడ్డాడు. సాక్ష్యంగా సీలు వేసిన కండెను తెచ్చి బల్ల మీద పెట్టారు. వన్నూరప్ప ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తేలక ఆ గదిలో ఉన్న కాళ్ళన్నిటి వంకా చూశాడు. చక్రపాణి గారు మాత్రం ఆయన మొహం చూడలేదు. సంచీలోంచి కొలత పరికరం తీసి కండెను నడుము దగ్గర పట్టి చూశారు. మళ్ళీ చూశారు.

“నలభై నాలుగు మిల్లీమీటర్లు,” అన్నారు. “పాయింట్ నలభై అయిదు గుండు పదకొండున్నర మిల్లీమీటర్లు. ఇది దానికి ఇంచుమించు నాలుగింతలు. పన్నెండు సంవత్సరములుగా నేను మొత్తుకొనుచున్నదేమి? వ్యాసము పెరిగిన కొలది మనిషి ఆగును.”

ఒకసారి ప్రయోగిస్తే ఒకసారి ఆగాడు, నూటికి నూరు పాళ్ళు ఫలితం, ప్రపంచంలో ఏ ఆయుధానికీ ఇంతటి చరిత్ర లేదని చక్రపాణి గారు రాయించారు. ఆయన ముఖం పదేళ్ళు వెనక్కి పోయింది. వన్నూరప్పకు ఇదంతా వేళాకోళమో నిజమో అర్థం కాలేదు.

అయితే ఆగినవాడి వాంగ్మూలం కూడా ఉండాలి కదా. సబ్ జైలు నుంచి కంబగిరిని పిలిపించారు. నిన్ను నిలువరించిన అంశమేదని చక్రపాణి గారు అడిగారు. అతను దిక్కులు చూశాడు. ఎందుకు ఆగినావురా అని దశరథరామయ్య తెలుగులోకి మార్చాడు.

“ఈ సారు అరిచినాడు గదా సామీ,” అన్నాడు కంబగిరి.

“ఏమని?”

“‘రేయ్ కంబగిరీ, నా ఉద్యోగం పోతాది రా, సుంకులమ్మ నన్ను ఇంట్లోకి రానీదు రా’ అని. అప్పటికి నేను గోడెక్కేసినా. అవతల దూకితే సందు, నన్ను ఎవరూ పట్టలేరు. మనసొప్పలే సామీ. పదకొండు వాయిదాలు పక్కన కూసోబెట్టుకోని తోడుకోని పోయినాడు, ఒక్కనాడు రెక్క పట్టుకోని గుంజలే.”

వన్నూరప్ప చెవులు ఎర్రబడ్డాయి. తాను అరిచింది ఇదా అనుకున్నాడు. యూనిఫారం వేసుకున్న మనిషి దొంగను బతిమాలి ఆపాడని రికార్డు అయితే ఇక ఉద్యోగం సంగతి అటుంచి ఊళ్ళో తలెత్తుకోవడమే కష్టం. కంబగిరి మాత్రం తప్పేమన్నానన్నట్టు నిలబడ్డాడు.

చక్రపాణి గారు తమ ముందున్న నమూనా పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “ఇందులో ఆయుధము, వ్యాసము, దూరము అని మూడు గడులున్నవి. మనసు అను గడి లేదు,” అన్నారు. ఆయుధము: కండె. వ్యాసము: నలభై నాలుగు. దూరము: ముప్పై ఒక్క మీటరు. ఫలితము: ఆగెను. కంబగిరి వేలిముద్ర వేసి వెళ్ళిపోయాడు. వన్నూరప్ప చార్జి మెమోను ప్రస్తుతానికి పక్కన పెట్టారు. కొట్టేయలేదు, పక్కన పెట్టారు.

ఆ తర్వాత జరిగింది చూడాలి. ఏ నిలువరింపు సామర్థ్యమూ లేనివిగా రుజువైన పిస్తోళ్ళన్నిటినీ వెనక్కి తీసుకున్నారు. సుంకులమ్మ మిద్దె మీద ఎండుతున్న కండెలన్నిటినీ ఆయుధ సామగ్రిగా ప్రకటించి మిద్దెకు సీలు వేశారు. కోళ్ళకేం పెట్టాలని ఆమె రిజర్వు ఇన్‌స్పెక్టరు ఆఫీసు ముందుకు వచ్చి అడిగితే, ఆ కోళ్ళ వివరాలు కూడా రాసుకున్నారు, శత్రుపక్షం కింద. నలభై రెండుకు తగ్గినవి, నలభై ఆరుకు మించినవి ఏరేశారు. హైబ్రిడ్ కండెకు వరసలు నేరుగా ఉంటాయని కొందరు, నాటు కండెకే గాంభీర్యం ఎక్కువని కొందరు నోట్లు రాశారు. ప్రతి కండెకూ తెల్ల పెయింటుతో నంబరు వేసి, ఎలుకలు కొట్టకుండా వార్నిషు పూశారు. అయినా ఎలుకలు కొట్టాయి. ఆర్మరీకి ఒక పిల్లిని మంజూరు చేశారు, దానికి పాలు తాపే బాధ్యత ఓబులేసుది.

వన్నూరప్పను శిక్షకుడిగా వేశారు. రోజూ పొద్దున పరేడ్ గ్రౌండులో రెండు వందల మందికి కండె తీయడం, చూపడం, తిరిగి ఒరలో పెట్టడం నేర్పించాలి. ఆయన నిజంగానే శ్రద్ధగా నేర్పించాడు. ఉద్యోగం నిలబడితే చాలు, కండె అయితేనేం గుమ్మడికాయ అయితేనేం అనుకున్నాడు. రెండో వారానికి ఆయన గొంతులో ఒక అధికారం కూడా వచ్చింది, బొటనవేలు గింజల మీద పడకూడదని కొత్తవాళ్ళను కసురుకున్నాడు.

చక్రపాణి గారు ఊరుకోకుండా విలేఖరులను పిలిచి ఫలితాలు ప్రకటించారు. అన్ని పేపర్లలోనూ కండె ఫోటో పడింది. దాంతో తొమ్మిది మిల్లీమీటర్ల ఆయన రాజధాని నుంచి ఒక పెద్ద నోటు పంపాడు. ఒరలో ఉన్నది కండె అని ఇప్పుడు రాష్ట్రంలో ప్రతి దొంగకూ తెలుసు, ఇక ఎవడు ఆగుతాడని దాని సారాంశం. చక్రపాణి గారు ఒక్క పేరాలో జవాబిచ్చారు: ఒరలో ఉన్నది పిస్తోలని తెలిసినందువలన ఆగనివాడెవడైన ఉన్నాడా? కండె అని తెలిసినంత మాత్రమున వ్యాసము తగ్గదు.

తగువు తేలాలంటే అందరి ముందూ పరీక్ష జరగాలన్నారు. మంత్రిగారు వస్తానన్నారు. మళ్ళీ అదే కంబగిరి పరుగెత్తాలి, అదే వన్నూరప్ప అదే కండెతో ఆపాలి. కంబగిరి ఆగితే రాష్ట్రమంతటికీ కండెలు, వన్నూరప్ప మెమో రద్దు. ఆగకపోతే కండెలు రద్దు, మెమో సజీవం. తొమ్మిది మిల్లీమీటర్ల ఆయన ఒక షరతు పెట్టాడు. పోయినసారి కానిస్టేబులు అరిచాడని వాంగ్మూలంలో ఉంది, అరుపు వలన ఫలితం కలుషితమవుతుంది, కాబట్టి ఈసారి నోరు మెదపకూడదు. చక్రపాణి గారు న్యాయమేనని ఒప్పుకున్నారు. వన్నూరప్ప నోటికి ప్లాస్టరు వేయాలని నిర్ణయమైంది.

ముందు రోజు వన్నూరప్ప జైలుకు పోయి కంబగిరితో ఒక మాట చెప్పుకుందామనుకున్నాడు. సాక్షిని ప్రభావితం చేయరాదని గేటు దగ్గరే ఆపేశారు. ఇంటికి వచ్చి ఆయన చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. వాడు పరుగెత్తితే వాడి తప్పు కాదు, ఎవడైనా పరుగెత్తుతాడు అని సుంకులమ్మతో అన్నాడు. ఆమె తిట్టకుండా వేడిగా అన్నం పెట్టింది, అది చూసి ఆయనకు ఇంకా భయమేసింది.

మర్నాడు పరేడ్ గ్రౌండులో షామియానా వేశారు. మంత్రిగారి కారు రావాలని పెద్ద గేటు బార్లా తెరిచారు. కారు వచ్చింది, మంత్రిగారు దిగారు, దండలు వేశారు. దండల హడావిడిలో గేటు మూయడం ఎవరికీ గుర్తు లేదు. చక్రపాణి గారు ఈల వేశారు.

కంబగిరి పరుగెత్తాడు. జైలు తిండి తిన్న మనిషిలా లేదు ఆ పరుగు. గేటు తెరిచి ఉందని అతను సగం దూరంలోనే చూశాడు, చూసి ఇంకా వేగం పెంచాడు. వన్నూరప్ప నోటికి ప్లాస్టరుతో, చెయ్యి చాచి కండె పైకెత్తి నిలబడ్డాడు. నేర్పించిన పద్ధతిలోనే పట్టుకున్నాడు, బొటనవేలు గింజల మీద పడనీయలేదు. నలభై మీటర్లు, అరవై, తొంభై. రెండు వందల మంది కండెధారులు బిగబట్టి చూస్తున్నారు. గేటు బయట రోడ్డు మీద ఒక ఆటోవాడు, ఎవరో తొందరలో ఉన్నారనుకుని, వస్తావా అన్నా అని పిలిచాడు.

కంబగిరి కుడికాలు గేటు దాటింది. అక్కడ ఒకసారి వెనక్కి చూశాడు.

అంత దూరంలో నిలబడ్డ వన్నూరప్ప అతనికి ఎలా కనిపించాడో చెప్పలేం. ప్లాస్టరు పైన రెండు కళ్ళూ నిండిపోయి ఉన్నాయి. ఎత్తిన చెయ్యి లాగేస్తున్నా దించలేదు, దించితే ఉద్యోగం దిగిపోతుందని భయం. ప్లాస్టరు లేకపోయినా ఈసారి ఆయన అరిచేవాడో కాదో, ఒకసారి కాపాడినవాణ్ణి రెండోసారి ఏ మొహం పెట్టుకుని అడుగుతాం. కంబగిరి తల అడ్డంగా ఊపాడు. ఆటోవాణ్ణి పొమ్మని చెయ్యి చూపించి వెనక్కి నడిచాడు.

చప్పట్లతో షామియానా ఎగిరిపోయినంత పనైంది. నూట పన్నెండు మీటర్ల దూరంలో, నిశ్శబ్దంగా, వార్నిషు పూసిన కండె ఒక మనిషిని నిలువరించింది. మంత్రిగారు కండెను చేతిలోకి తీసుకుని ఫోటో దిగారు. తొమ్మిది మిల్లీమీటర్ల ఆయన ఆ సాయంత్రమే దీర్ఘకాల సెలవు పెట్టాడు. వన్నూరప్ప మెమో రద్దు చేస్తామని, హెడ్ కానిస్టేబులుగా చేస్తామని అక్కడికక్కడే ప్రకటించారు.

మర్నాడు జైలు సూపరింటెండెంటు ఒక కాయితం పంపాడు. ఖైదీ కుడిపాదము, ఎట్టి ఉత్తర్వూ లేకుండా, పరేడ్ గ్రౌండు గేటు దాటినది. ఇది నిర్బంధం నుంచి పారిపోవుట కాబట్టి కేసు నమోదు చేయాలి. వన్నూరప్ప పరుగున పోయి చక్రపాణి గారి ముందు నిలబడి, పరుగెత్తమన్నది మనమే కదా సార్ అన్నాడు. ఆయన మొదటిసారి వన్నూరప్ప మొహంలోకి చూశారు.

“వాడు పారిపోలేదని తేలినచో, కండె నిలువరించినది దేనిని? కేసు అత్యావశ్యకము. కేసులో మొదటి సాక్షివి నీవే. తీర్పు ప్రతి జతపరచిన పిదపనే నీ మెమో రద్దగును.”

పదిహేను రోజుల తర్వాత కంబగిరిని కోర్టుకు తీసుకుపోయింది కూడా వన్నూరప్పే. బస్సులో పక్కపక్కన కూర్చున్నారు గానీ పల్లీలు కొనలేదు. జడ్జిగారికి ఎట్లైనా నిజం చెప్పేస్తానని వన్నూరప్ప మనసులో నూరుసార్లు అనుకున్నాడు. పరుగెత్తమన్నారు, పరుగెత్తాడు, పోగలిగి కూడా పోలేదు, అంతే సార్. ఆ నాలుగు ముక్కలు దారి పొడుగునా పాఠంలా చదువుకున్నాడు.

బోనెక్కాక జడ్జిగారు, ఈ ముద్దాయి పారిపోయాడా అని అడిగారు. వన్నూరప్ప నోరు తెరిచాడు. వెనక బెంచీలో దశరథరామయ్య కూర్చుని ఉన్నాడు. అతని ఒళ్ళో మెమో ఫైలు ఉంది. నోటికి ప్లాస్టరు లేదు, అయినా మాట రాలేదు. జడ్జిగారు మళ్ళీ అడిగారు. కోర్టు గుమస్తా కలం ఎత్తిపట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వన్నూరప్ప బోను కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు.

“పారిపోయినా సామీ,” అన్నాడు కంబగిరి తన చోటు నుంచే. “కండెను చూసి అదిరిపోయి ఆగినా. ఆ సారును ఊరికే నిలబెట్టి అడగొద్దండి, ఆయనకు చెమటలు పట్టినాయి.”

గుమస్తా గబగబా రాసుకున్నాడు. నేరం ఒప్పుకున్నాడు గనక జడ్జిగారు దయతలచి మూడు నెలలతో సరిపెట్టారు. దశరథరామయ్య బయటికి వచ్చి వన్నూరప్ప భుజం తట్టి, ఫైలు మీద ఎర్ర సిరాతో రద్దు అని రాసి సంతకం పెట్టి జీపెక్కి వెళ్ళిపోయాడు.

బస్సుకు ఇంకా గంట టైముంది. బస్టాండు హోటల్లో ఇద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. రెండు టీలు వచ్చాయి. వన్నూరప్ప తన గ్లాసు ముట్టలేదు. ఆయనకు తన మీద తనకే పుట్టెడు అసహ్యం వేసింది. హోటలు వెనక ఒక తలుపుంది, దాని అవతల రైలు పట్టాలు, పట్టాల అవతల కంప చెట్లు. ఆయన ఒర బొత్తాం విప్పి, నంబరు వేసిన కండెను తీసి బల్ల మీద పెట్టి, తలుపు వైపు చూపించాడు.

“పో కంబగిరీ. ఈతూరి నేను అరవను. ఉద్యోగం పోతే పోనీ.”

కంబగిరి తలుపు వైపు చూశాడు. పట్టాల మీద గూడ్సు బండి ఒకటి మెల్లగా పోతోంది, ఎక్కాలనుకున్నవాడు ఎక్కగలిగేంత మెల్లగా. అది పోయేదాకా చూసి, గ్లాసును వన్నూరప్ప ముందుకు జరిపాడు.

“మూడు నెల్లే గదా సామీ. తాగు, సల్లారిపోతాది.”